కెంచమ్మ కూతురి చావులు

సూళగిరి మునిలక్ష్మి సినిమాల్లోకి వెళ్లి హేమరేఖ అయిన తర్వాత ఎన్నిసార్లు చచ్చిపోయిందో ఆమెకే లెక్క తెలియదు. క్షయ వచ్చి పోయింది, పాము కరిచి పోయింది, బావిలో దూకి పోయింది. హీరోల మీదికి వచ్చిన కత్తులకు ఎన్నిసార్లు అడ్డం పడిందో ఆ హీరోలకూ గుర్తుండదు. హీరోకి చెల్లెలుగానో, హీరోయిన్‌కి స్నేహితురాలుగానో వచ్చేది. ఒక పాటలో పూలు కోసేది, కాసేపు నవ్వేది, ఇంటర్వెల్ పడేలోపల కన్ను మూసేది. ఇక మిగతా సగమంతా గోడ మీద దండ వేసిన ఫోటో. నిర్మాతలకు అదీ ఒక సౌకర్యమే అయింది. ఒకసారి తీయించిన ఫోటోను నాలుగైదు సినిమాల్లో వాడుకున్నారు, దండ మాత్రం మార్చారు.

పాపం ఆమె మొహానికి అలాంటి వేషాలే రాసిపెట్టి ఉన్నాయని మద్రాసులో అందరూ అనుకునేవారు. అసలు సంగతి వేరు. చావు లేని వేషమిస్తే ఆమే ఒప్పుకునేది కాదు. ఆమెను సినిమాల్లోకి తెచ్చిన దర్శకుడు చెన్నకేశవులు ఒకసారి జాలిపడి, ఈసారైనా పిల్లను బతకనిద్దామని ఆఖర్లో హీరో తమ్ముడితో పెళ్లి చేసేటట్టు కథ రాయించాడు. మునిలక్ష్మి ఆయన గది తలుపు దగ్గర నిలబడి, కొంగు వేలికి చుట్టుకుంటూ, పెళ్లిపందిట్లో తనకొక తూటా తగిలే ఏర్పాటు ఏమైనా చేయగలరా అని అడిగింది. పెళ్లిచీర కొనేశాం కదమ్మా అన్నాడు ఆయన. ఆ చీరలోనే తగిలితే మరీ బాగుంటుంది సార్ అంది ఆమె. అలాగే తగిలింది, సినిమా కూడా బాగా ఆడింది.

దీనికంతటికీ కారణం ఆమె తల్లి కెంచమ్మ. కెంచమ్మకంటే ముందు ఒక కాకి.

మునిలక్ష్మి ఇంకా పావడా కట్టే వయసులో, ఒకరోజు గొర్రెల దొడ్డి ఊడుస్తుంటే కాకి ఒకటి ఎక్కడినుంచో వచ్చి నడినెత్తిన తన్ని పోయింది. ఆ పక్కల కాకి తన్నడమంటే చిన్న విషయం కాదు. తన్నించుకున్న మనిషికి ఆయుష్షు దగ్గరపడిందని అర్థం. దానికి విరుగుడు కూడా ఆ ఊళ్లవాళ్లే కనిపెట్టుకున్నారు. పిల్ల చచ్చిపోయిందని తల్లి పుట్టింటికి అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు నిజమనుకుని గుండెలు బాదుకుంటూ రావాలి. వచ్చి చూస్తే పిల్ల గుమ్మంలో నిక్షేపంగా కూర్చుని ఉంటుంది. తిట్టుకుంటూ, నవ్వుకుంటూ అందరూ కలిసి అన్నం తింటారు. చావుకు అందాల్సిన కన్నీళ్లు అందాయి గనక అది ఇక ఆ గడప తొక్కదు.

కెంచమ్మ పుట్టిల్లు బర్గూరు. అక్కడ ఆమె అన్న దొడ్డప్ప ఉన్నాడు. మునిలక్ష్మి తండ్రి ఆంజప్ప, నా నోటితో నా బిడ్డ పోయిందని చెప్పలేనని గొర్రెలను తోలుకుని వెళ్లిపోయాడు. అందుకని పక్కింటి లింగప్పను పంపారు. లింగప్ప ఎండలో పడి బర్గూరు చేరేసరికి దొడ్డప్ప ఇంట్లో కోడికూర ఉడుకుతోంది. వాసన వీధి చివరిదాకా వస్తోంది. కబురు చెప్పేస్తే ఏడుపులే గాని అన్నం పెట్టేవాళ్లు ఉండరు గదా అని లింగప్ప ముందు తినడానికి కూర్చున్నాడు. రాగిముద్ద ఒకటి అయ్యాక ఇంకొకటి వేయించుకున్నాడు. కూర కారం బాగా కుదిరిందని మెచ్చుకున్నాడు. చెయ్యి కడుక్కుని, మూతి తుడుచుకుని, అప్పుడు మొహం వేలాడేసి, మీ మేనకోడలు పోయిందప్పా అన్నాడు.

దొడ్డప్ప పడీపడీ నవ్వాడు. ఆయన పెళ్లాం నవ్వింది. కాకి ఎప్పుడు తన్నిందని అడిగి, ఇద్దరూ నవ్వుకుంటూనే సూళగిరి వచ్చారు. కెంచమ్మ వాకిట్లోనే నిలబడి వాళ్ల కళ్లు చూసింది. ఒక్క చుక్క తడి లేదు. మళ్లీ కబురు పంపుదామంటే రెండోసారి ఎవరు నమ్ముతారు? ఆ రోజునుంచి కెంచమ్మకు కూతురు దగ్గినా భయమే, తుమ్మినా భయమే.

డెబ్బైల మొదట్లో రాయకోట కొండ కింద ఒక తెలుగు సినిమా షూటింగు జరిగింది. వాళ్లకు గొర్రెలు కావలసి వస్తే ఆంజప్ప మంద కుదిరింది. మందతో పాటు తల్లీకూతుళ్లు వచ్చారు. హీరో చెల్లెలు కొండమెట్ల మీద పడి చనిపోయే ఘట్టం తీయాలి. మద్రాసునుంచి వచ్చిన నటి ఆ మధ్యాహ్నపు బండను అరచేత్తో తాకి చూసి, తలనొప్పని కారెక్కి కూర్చుంది. ఇంకో మనిషికోసం చూస్తున్న చెన్నకేశవులుకు గొర్రెల వెనక చింపిరి జుట్టుతో మునిలక్ష్మి కనబడింది. చచ్చిపోయినట్టు పడుకోవడానికి పిల్లనిస్తారా అని ఏ తల్లినైనా అడిగితే చెప్పు తీసుకుంటుంది. ఆయన ఆ భయంతోనే దూరంగా నిలబడి అడిగాడు.

కెంచమ్మ చెప్పు తీసుకోలేదు. "దీన్ని చూసి జనం ఏడుస్తారాప్పా?" అంది.

ఏడవకపోతే నా పేరు మార్చుకుంటానన్నాడు చెన్నకేశవులు.

"అట్లయితే చంపుకోప్పా" అంది కెంచమ్మ.

ఆ మాటతో మునిలక్ష్మి నటి అయింది. బండ మీద అంత బాగా చచ్చిన పిల్లను వదులుకోలేక చెన్నకేశవులు ఆ నటి వేషమంతా ఈమెతోనే తీసి, మద్రాసు తీసుకుపోయి, తన భార్య దగ్గర ఉంచి, హేమరేఖ అని పేరు పెట్టాడు. పంపేటప్పుడు కెంచమ్మ కూతురిచేత ఒట్టు వేయించుకుంది, ప్రతి సినిమాలోనూ చావాలని. ఒక కబురైతే ఒకసారే నమ్ముతారు. సినిమా అలా కాదు. అబద్ధమని తెలిసీ ప్రతిసారీ కొత్తగా ఏడుస్తారు. కూతురి ఆయుష్షుకు ఇంతకంటే మంచి దారి కెంచమ్మకు కనిపించలేదు.

మద్రాసులో మునిలక్ష్మి మాట ఎవరికీ పనికిరాలేదు. హోసూరు యాస అని ఇంకో అమ్మాయి గొంతు పెట్టేవాళ్లు. చనిపోయేటప్పటి దగ్గు, మూలుగు మాత్రం ఆమెవే ఉంచేవాళ్లు. దానికి ఆమె పెద్దగా బాధపడలేదు. ఆమెకు కావలసిన మెప్పు వేరేచోట ఉంది. సూళగిరిలో గోపాలయ్య అనే వ్యాపారి టెంటు సినిమా నడిపేవాడు. తమిళమైనా కన్నడమైనా తెలుగైనా, హేమరేఖ ఉన్న బొమ్మ ఏడాది ఆలస్యంగానైనా ఆ టెంటుకు రావలసిందే. మునిలక్ష్మి ఊరికి వచ్చినప్పుడల్లా కాళ్లు కూడా కడుక్కోకుండా, ఎట్ల చేసినానమ్మా అని అడిగేది. కెంచమ్మ ఎప్పుడూ ఒకటే మాట చెప్పేది, బాగా ఏడ్చినారు బిడ్డా అని. ఒక్కోసారి ఇంకాస్త కలిపేది. ఫలానా పోలీసాయన కూడా ఏడ్చినాడని, రాయకోటనుంచి సంతకొచ్చినవాళ్లు బస్సు వదులుకుని ఏడ్చినారని. మునిలక్ష్మి మురిసిపోయేది. ఒక సినిమా పత్రికవాళ్లు అడిగితే, నాకు మొదటి ప్రేక్షకురాలు మా అమ్మ, ఆమెకు నచ్చితే చాలు అని చెప్పింది. తల్లి ఫోటో కూడా వేశారు. అందులో కెంచమ్మ కెమెరావైపు కాకుండా ఎటో చూస్తోంది.

ఏళ్లు గడిచాయి. చచ్చీ చచ్చీ మునిలక్ష్మికి విసుగొచ్చింది. తన కళ్లముందు సినిమాల్లోకి వచ్చినవాళ్లు తల్లులయ్యారు, అత్తలయ్యారు, గయ్యాళులయ్యారు. ఈమె మాత్రం ఇంటర్వెల్ దాటలేదు. రెండో సగంలో ఏం జరుగుతుందో ఒక్కసారైనా ఉండి చూడాలని ఆమెకు మనసులో గట్టిగా ఉండేది. ఎవరితోనూ అనేది కాదు. అంటే మాత్రం ఎవరికి అర్థమవుతుంది?

ఎనభై ఆరులో మద్రాసులో ఆమె దగ్గరికి శ్రీనివాసమూర్తి వచ్చాడు. హోసూరులో బట్టల అంగడివాళ్ల అబ్బాయి. సినిమా చదువు చదివి టీవీలో చేరాడు. హైదరాబాదు టీవీకి పదమూడు వారాల సీరియలు తీస్తున్నాడు. మొగుడు వదిలేసి పోయిన ఒక ఆడమనిషి హోసూరు బస్టాండు దగ్గర మెస్సు పెట్టి, కొత్తగా లేచిన ఫ్యాక్టరీల కుర్రాళ్లకు అన్నం వండి పెడుతూ పిల్లలను పెంచుకొచ్చిన కథ. పెళ్లినాటినుంచి మనవల్ని ఎత్తుకునేదాకా ఒక్కతే చేయాలి. పైగా మన మాటే, నీ గొంతే అన్నాడు. ఆ తర్వాత ఆమె సంగతి తెలిసినవాడు గనక వేలు చూపించి చెప్పాడు.

"ఒకటి ముందే చెప్తా ఉండానమ్మా. ఈమె చావదు. కత్తి లేదు, తూటా లేదు. దగ్గు గూడా లేదు."

మునిలక్ష్మి ఆ కాగితాలు చదువుతూ చదువుతూ ఏడ్చేసింది. ఆ వేషం ఆమెకు కావాలి. ఇన్నేళ్లలో ఏదీ అంత గట్టిగా కావాలనుకోలేదు. అది పోతే మళ్లీ అలాంటిది రాదనీ ఆమెకు తెలుసు. శ్రీనివాసమూర్తి వారం గడువిచ్చాడు. ఆ లోపల ఒప్పుకోకపోతే ఇంకో నటి సిద్ధంగా ఉంది.

ఒట్టు వేయించుకున్న మనిషినే అడగాలి. మునిలక్ష్మి సూళగిరికి బస్సెక్కింది. కృష్ణగిరిలో బస్సు మారి నిలబడి ఉంటే ఒక ముసలామె ఈమెను పోల్చుకుని, లేచి తన చోటిచ్చి, ఒంట్లో ఇప్పుడెట్లుండాది తల్లీ అని అడిగింది. బాగుందవ్వా అని చెప్పి మునిలక్ష్మి ఆ చోట్లోనే కూర్చుని, తల్లితో ఏం అబద్ధం చెప్పాలో సూళగిరిదాకా మనసులో దిద్దుకుంది. హైదరాబాదు టీవీ సూళగిరికి రాదు. పదమూడో వారం చచ్చిపోతానని చెబితే సరి. ఆమె ఎలాగూ చూడబోదు.

కెంచమ్మను మోసం చేయడం అంత సులువు కాదని మునిలక్ష్మి మద్రాసులో ఉండి మరిచిపోయింది. పదమూడు వారాలు బతికే ఉంటావా అని తల్లి మొదటే కళ్లెర్రజేసింది. చివరికి చావు తప్పదని కూతురు చెప్పాక ఇంకో ప్రశ్న వేసింది. ఈడ యెవురు చూస్తారు? హైదరాబాదులో లక్షలమంది చూస్తారమ్మా అంది మునిలక్ష్మి. కెంచమ్మ మూతి తిప్పింది. ఆ ఊరివాళ్లకు మునిలక్ష్మి ఏమవుతుంది? ఎరిగినవాళ్లు ఏడవాలి. ఈ సంతకు వచ్చేవాళ్లు, ఈ పిల్లను చిన్నప్పుడు గొర్రెల వెంట చూసినవాళ్లు ఏడవాలి. ఎవరో దారినపోయేవాళ్లు కళ్లు తుడుచుకుంటే ఆయుష్షు ఎట్లా పెరుగుతుంది?

అది మునిలక్ష్మి ఊహించని అడ్డం. తన అబద్ధం తన కాళ్లకే చుట్టుకుంది. ఆ హైదరాబాదు బొమ్మ ఈడికొస్తాదేమో గోపాలయ్యనే అడుగుదాం పద అని తల్లి ఆమెను చెయ్యి పట్టుకుని అంగడికి లాక్కుపోయింది.

గోపాలయ్య టెంటు అప్పటికే పీకేశాడు. వీడియోలొచ్చాక టెంటుకు వచ్చేవాళ్లు లేరు. ఆయన ఎదురీదే మనిషి కాదు. టీవీ, వీడియో డెక్కు కొని పెళ్లిళ్లకు అద్దెకిస్తూ, మిగతా పొద్దు అంగట్లో బెల్లం, కందిపప్పు తూస్తున్నాడు. యాంటెన్నా కర్ర అటు తిప్పితే బెంగుళూరు కన్నడం వస్తుంది, ఇటు తిప్పితే మద్రాసు అరవం వస్తుంది, సూళగిరి కొండ నెత్తిన కట్టినా హైదరాబాదు రాదు అని తేల్చి చెప్పాడు. తర్వాత నవ్వి, తూకం రాళ్లు సర్దుకుంటూ ఊరికే అన్నాడు.

"అయినా మీయమ్మకి బొమ్మ వస్తే యేమి, రాకపోతే యేమి తల్లీ? ఆమె యేనాడు తెర చూసింది గనక."

మునిలక్ష్మికి అర్థం కాలేదు. ఆమెకు తెలియదని గోపాలయ్యకూ తెలియదు. అందుకని సంతోషంగా అంతా చెప్పుకొచ్చాడు. హేమరేఖ సినిమా పడిందంటే కెంచమ్మకు తెర పక్కన ఒక స్టూలు వేయించాల్సిందే. తెరకు వీపు పెట్టి, జనంవైపు తిరిగి కూర్చునేది. పేర్లు పడ్డప్పటినుంచి చావు దాకా అలాగే కూర్చునేది. చావెప్పుడొస్తుందో తెలియదు గనక మధ్యలో ఒక్కసారైనా వెనక్కి తిరిగేది కాదు. టెంటులో ఉన్నది ఒకటే మిషను. రీలు రీలుకూ లైట్లు వేయాలి. చావు రీలు అవగానే లైట్లన్నీ వేయించేది. నేల, బెంచీ, కుర్చీ, ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ టెంటంతా తిరిగేది. కళ్లు తుడుచుకోని మగవాళ్లు ఎవరైనా కనబడితే ముందు నిలబడి, యేమప్పా నీకు అక్కచెల్లెండ్లు లేరా అని అడిగేది. ఆ భయానికి కొందరు ముందే కండువా మొహాన వేసుకునేవారని చెప్పి గోపాలయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

మునిలక్ష్మి నవ్వలేదు. అంగడి అరుగు మీద కూర్చుండిపోయింది. ఎట్ల చేసినానమ్మా అని అడిగినప్పుడల్లా తల్లి చెప్పిన జవాబు చెవుల్లో మోగింది. అది మెప్పు కానే కాదు. టెంటులో ఎంతమంది ఏడ్చారో చెప్పడం, అంతే. పదిహేనేళ్లుగా ఎవరి కోసం చేస్తున్నానని అనుకుందో ఆ మనిషి ఆమెను తెరమీద ఒక్కసారీ చూడలేదు. పూలు కోసిన పాటలు చూడలేదు. నవ్విన నవ్వులు చూడలేదు. ఎంతమంది ఎన్ని మాటలన్నా చెదరని మునిలక్ష్మి మనసు ఆ అరుగు మీద నిజంగా విరిగింది.

"ఒగటన్నా చూడలేదామ్మా? ఒగటంటే ఒగటి?" అంది.

 గోపాలయ్య నవ్వు ఆపి తక్కెడ వంక చూస్తున్నాడు.

"నువ్వు చచ్చేది నన్ను చూడమంటావా బిడ్డా?" అంది కెంచమ్మ. "చూసేవోళ్ళు చూసినారు, ఏడ్చేవోళ్ళు ఏడ్చినారు. నేనెట్ల చూసేది? అది అబద్దమని నాకూ తెలుసు. తెలిసినా గూడా నా మెడ తిరగలేదు."

మునిలక్ష్మి కోపం అంతటితో పోయింది. ఎప్పుడూ ఇంతే. కెంచమ్మ మీద నిండా కోపం తెచ్చుకునే పని ఆ ఇంట్లో ఎవరికీ పూర్తిగా చేతకాలేదు. ఆమె తల్లి పక్కకు జరిగి కూర్చుని, బస్సులో దిద్దుకున్న అబద్ధమంతా వదిలేసింది.

"అమ్మా, నేను ఈడికొచ్చి అబద్దం చెప్పినాను. ఈ కతలో నేను చావను. పదమూడు వారాలూ బతికే ఉంటాను. నీకు క్యాసెట్టు తెచ్చి చూపిస్తాను. ఇది నువ్వు తెరవైపు తిరిగి కూసోని చూడొచ్చు."

కెంచమ్మ లేచి ఇంటికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం కూతురితో మాట్లాడలేదు. మరునాడు పొద్దున కూడా మాట్లాడలేదు. గొర్రెలను లెక్కపెట్టుకుంటూ, లెక్క తప్పుతూ, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకుంటూ దొడ్లో తిరిగింది. ఒకవైపు ఎప్పటిదో కాకి భయం, ఇంకోవైపు కన్నకూతురిని నిండుగా ఒక్కసారి చూసుకోవాలన్న ఆశ. మునిలక్ష్మి గుమ్మంలో కూర్చుని తల్లి వీపు చూస్తూ ఉంది. బలవంతపెట్టకూడదని పెదవి బిగించుకుంది. శ్రీనివాసమూర్తి ఇచ్చిన గడువు ఆ మరునాటితో అయిపోతుంది.

మధ్యాహ్నం అన్నం వడ్డించేటప్పుడు కెంచమ్మ ఎటో చూస్తూ అడిగింది. మొదటినుంచి కడదాకానా? కడదాకానే అంది మునిలక్ష్మి. యాడా పడవా, మునగవా? పడను, మునగను. నవ్వేదుండాదా? ఉండాది. కెంచమ్మ గరిటె కింద పెట్టింది.

"ఒగ తూరి జొరమన్నా రానీవే. ఏమీ రాకపోతే కాకి భయంతో నాకు పొద్దుపోదు."

మునిలక్ష్మి అదేరోజు కృష్ణగిరి వెళ్లి మద్రాసుకు ఫోను చేసింది. విషయమంతా విని శ్రీనివాసమూర్తి చాలాసేపు నవ్వి, సరే, ఐదో వారంలో జ్వరం పెట్టిస్తాను, మూడు రోజులకు తగ్గిపోవాలి, మెస్సు మూతపడితే నా కథ నడవదు అన్నాడు. అలా ఒక తల్లి బేరంతో హైదరాబాదు సీరియల్లో ఒక జ్వరం చేరింది. తర్వాత ఆ వారమే బాగుందని చాలామంది ఉత్తరాలు రాశారట.

షూటింగు హోసూరులోనే జరిగింది. చూడటానికి రమ్మంటే ఈనే గొర్రెలున్నాయని కెంచమ్మ రాలేదు. అంతా పూర్తయ్యాక మునిలక్ష్మి క్యాసెట్లు సంచిలో పెట్టుకుని ఊరికి వచ్చింది. ఒక ఆదివారం పగలు గోపాలయ్య టీవీనీ, డెక్కునూ స్వయంగా మోయించుకొచ్చి కెంచమ్మ ఇంట్లో ధాన్యం పెట్టె మీద అమర్చాడు. వీధి ఆడవాళ్లంతా వచ్చారు. లింగప్ప గుమ్మం దగ్గర నిలబడ్డాడు, ఆయనకు ఆ ఇంట్లో ఇప్పటికీ చాప వేయరు. దొడ్డప్ప బర్గూరునుంచి పెళ్లాంతో సహా వచ్చాడు. కెంచమ్మ అందరికంటే ముందు, టీవీకి ఎదురుగా కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒడిలో పెట్టుకుంది. కెమెరా ముందు ఎన్నడూ భయపడని మునిలక్ష్మి తల్లి మొహం కనబడేటట్టు గోడవారగా ఒదిగి కూర్చుంది.

బొమ్మ మొదలైంది. పెళ్లికూతురుగా మునిలక్ష్మి కనిపించగానే కెంచమ్మ పక్కవాళ్ల వంక తిరగబోయి, గుర్తొచ్చి ఆగింది. తర్వాత ఇక తిరగలేదు. నోరు కొంచెం తెరుచుకుని చూసింది. కూతురు సూళగిరి మాటే మాట్లాడుతుంటే అదిరిపడి, ఇది నా గొంతు మాదిరే ఉండాదే అనుకుంది పైకే. మొగుడు పెట్టె సర్దుకుని వెళ్లిపోతుంటే వాణ్ణి నానా తిట్లూ తిట్టింది. మెస్సులో ఒక కుర్రాడు అన్నం బాగాలేదంటే, నీ మొగానికి అదే ఎక్కువ పోరా అంది. కూతురు నవ్విన చోట మాత్రం ఏమీ అనలేదు. దొడ్డప్ప ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. జ్వరం రాగానే మొహం కొంగుతో కప్పుకుని, అయిందా, అయిందా అని లోపలినుంచే అడిగింది. తగ్గిందమ్మా అని మునిలక్ష్మి చెప్పాకే కొంగు తీసింది. తానే అడిగి పెట్టించుకున్న జ్వరం అని ఎవరో గుర్తుచేస్తే వినిపించనట్టు ఊరుకుంది.

ఒక క్యాసెట్టు తీసి ఇంకొకటి పెడుతూ గోపాలయ్య ఆఖరి వారాలకు వచ్చాడు. కథలో ఏళ్లు గడిచాయి. మెస్సు తలుపు తెరుచుకుంది. లోపలినుంచి ఒక ముసలామె వచ్చింది. జుట్టంతా తెల్లబడింది, నడుము కాస్త వంగింది, కళ్ల చుట్టూ ముడతలు. గడపకు చెయ్యి ఆనించి, మెల్లగా కూర్చుని, ఒడిలోకి మనవణ్ణి లాక్కుంది. వీధి ఆడవాళ్లకు ఒక్క క్షణం ఎవరో తెలియలేదు. ఆ రంగూ పొడీ తన తలమీద ఎన్ని గంటలు పూశారో చెప్పి నవ్వించాలని మునిలక్ష్మి నోరు తెరిచి, తల్లిని చూసి ఆగిపోయింది.

కెంచమ్మ లేచి నిలబడింది. టీవీ దగ్గరికి పోయి, ఆ తెల్లజుట్టు మీద వేళ్లు పెట్టింది. అద్దం తల్లీ, అద్దం అని గోపాలయ్య కంగారుపడ్డాడు. ఆమె వినలేదు. కళ్లనుంచి నీళ్లు కారిపోతున్నాయి, ఆమె తుడుచుకోవడం లేదు.

"నా బిడ్డ ముసిలిదయింది" అంది. "దీన్ని ఇట్ల చూసేదానికి నేనుండను గదా అనుకొంటి."

వెనక ఎవరో ముక్కు చీదారు. దొడ్డప్ప కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కెంచమ్మ గిరుక్కున తిరిగింది.

"మీరేమిటికి ఏడుస్తారు? నా బిడ్డ ముసిలిదయ్యేదాకా బతికింది, నవ్వండి."

ఎవరికీ నవ్వడం కుదరలేదు. మునిలక్ష్మికి అసలే కుదరలేదు. మోకాళ్ల మీద తల పెట్టుకుని, ఏ సినిమాలోనూ ఏడవనంత ఏడ్చింది. కెంచమ్మ ఆమెను పట్టించుకోలేదు. మళ్లీ వచ్చి తన చోట్లో సర్దుకుని కూర్చుంది.

"ఆ తెల్లెంట్రుకలు మొదులయ్యేకాడికి ఇంగొగ తూరి పెట్టప్పా" అంది గోపాలయ్యతో.

గోపాలయ్య టేపు వెనక్కి తిప్పాడు.